మీకు తెలుసా? బుర్రకథ చెప్పిన ముగ్గురు యువతులు

జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో కితామి అనే ఊరుంది. ఆ ఊరి బడిపిల్లలు అయిదుగురు కలిసి వైట్‌బెర్రీ అనే బ్యాండు కట్టారు. అందరూ ఆడపిల్లలే. గిటార్, బేస్, కీబోర్డు, డ్రమ్స్ అన్నీ వాళ్లే వాయించేవారు. పంక్ దూకుడు కలిసిన పాప్ సంగీతం వాళ్లది. 1999లో తొలి రికార్డు వచ్చింది. మరుసటి ఏడాది ‘నత్సు మత్సురి’ అనే పాటతో ఆ దేశమంతా వాళ్ల పేరు మోగిపోయింది. నిజానికి అది జిట్టరిన్ జిన్ అనే మరో బృందం 1990లో పాడిన పాట. ఈ పిల్లల చేతిలో పడ్డాక మళ్లీ కొత్తదైపోయింది. జపాన్ జనం ఏటా డిసెంబరు 31 రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే ఎన్‌హెచ్‌కే టీవీ పాటల పండగలో, 2000లో వాళ్లకూ చోటు దొరికింది. 2004లో బృందం విడిపోయింది.

అంతకు యాభై ఏళ్లకు పైగా ముందే మన తెలుగునాట ముగ్గురు యువతులు తమ వాయిద్యాలు తామే ఎత్తుకుని, ఊళ్ల నడిబొడ్డున నిలబడి గొంతెత్తారు. మోటూరి ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని. 1940ల్లో వీళ్లు కట్టినదే తెలుగువాళ్ల మొదటి మహిళా బుర్రకథ దళం. దాన్ని ముందుండి నడిపిన ఉదయం 1924లో పుట్టారు. అంటే అప్పటికి ఇరవైకి అటూ ఇటూ వయసు.

బుర్రకథ అంటే కూర్చుని పాడే పాట కాదు. కథ చెప్పే మనిషి భుజాన తంబూరా ఉంటుంది. ఒక చేత్తో తీగ మీటాలి, రెండో చేతి వేళ్లకు తొడిగిన అందెలు కొట్టాలి. ఆ అందెలు లోహపు బోలు ఉంగరాలు. లోపల గుండ్లుంటాయి, ఒకదానికొకటి తగిలితే గలగలమంటాయి. కాళ్లకు గజ్జెలు. ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు, కథ వేడెక్కితే గిరుక్కున ఒక తిరుగుడు. పక్కన డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరు నవ్విస్తారు, ఇంకొకరు లోకం సంగతులెత్తి సర్కారును, షావుకారును కడిగేస్తారు. చరణం చివర ముగ్గురూ కలిసి ‘తందాన తాన’ అందుకుంటారు. మైకు లేని ఊళ్లో చివరి వరసకూ వినిపించాలంటే ఎంత గొంతు కావాలో, ఎంత ఊపిరి కావాలో ఊహించండి. పరాయి మగవాళ్ల ముందు ఆడపిల్ల పెద్దగా మాట్లాడితేనే తప్పుపట్టే రోజులవి. అలాంటప్పుడు గజ్జె కట్టి, అడుగులేసి, పాలకులను నిలదీస్తూ కథ చెప్పడం మామూలు తెగువ కాదు.

అయితే ఒక మాట మరిచిపోకూడదు. ఈ కళలో ఆడవాళ్లు అప్పుడే కొత్తగా అడుగుపెట్టలేదు. బుర్రకథకు మూలమైన జంగం కథల్లో మగవాడు తంబూరా పట్టి కథ చెబుతుంటే, ఇంటి ఆడవాళ్లు డక్కీలు వాయిస్తూ వంత పాడటం పాతకాలం నుంచీ ఉన్నదే. కథ నడిపే అధికారం మాత్రం మగవాడిది. ఉదయం దళం ఆ అధికారాన్నే చేతుల్లోకి తీసుకుంది. నా దృష్టిలో వాళ్లు చేసిన అసలు పెద్ద పని ఇదే.

ఆ రోజులు కూడా అలాంటివి. 1943లో బెంగాల్ కరువు లక్షల మందిని పొట్టనబెట్టుకుంది. అదే ఏడాది బొంబాయిలో ఇప్టా అనే ప్రజా నాటక సంఘం పుట్టింది, ఆ ఊపులోనే ఆంధ్రలో ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంస్థ బలపడింది. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ బుర్రకథ రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్ని, అల్లూరి సీతారామరాజు పోరాటాన్ని బుర్రకథలుగా ఊరూరా వినిపించారు. వీటికి జనం ఎంతగా కదిలారంటే, అటు మద్రాసు సర్కారు, ఇటు నిజాం సర్కారు రెండూ బుర్రకథను నిషేధించాయి. తంబూరాకూ డక్కీకీ ప్రభుత్వాలు భయపడ్డాయన్నమాట!

మన డోన్, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు వాళ్లకు ఇది పరాయి కళ కాదు. సీమలో దీన్ని తందాన కథ అంటారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని, 1866 కరువులో ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని జనం నాలుకల మీద నిలిపింది ఇలాంటి పాటలే. ఇద్దరిదీ ఆళ్లగడ్డకు దగ్గర్లోని ఉయ్యాలవాడే. చదువుకున్నవాళ్లు చరిత్రగా రాయకముందే, ఈ పల్లెల్లో వాళ్ల కథలు పాటగా తిరిగాయి.

ఉదయం గారు ఆ తర్వాత మహిళా ఉద్యమంలో దశాబ్దాల పాటు పనిచేశారు. 2002లో కన్నుమూశారు. ఆమె చెప్పుకున్న సంగతులు స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంలో ఉన్నాయి. దొరికితే తప్పక చదవండి, ఇంట్లో ఆడపిల్లలుంటే వాళ్లతోనూ చదివించండి. ఇంకొక్క విన్నపం. మీ ఊళ్లో తందాన కథ చెప్పిన అవ్వలు, వంత పాడిన పెద్దమ్మలు ఇంకా ఉంటే, ఈ ఆదివారమే వెళ్లి కలవండి. వాళ్ల అనుమతి తీసుకుని సెల్‌ఫోన్లో ఆ పాట రికార్డు చేయండి, పాట పక్కనే వాళ్ల పేరు కూడా రాసిపెట్టండి.