చదువుకి, సినిమాలకి ఒకే ల్యాప్‌టాప్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి?

ఎంసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే చాలు, నా వాట్సాప్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. "అన్నా, 45 వేలలో మంచి ల్యాప్‌టాప్ చెప్పవా? క్లాసులకి కావాలి, సినిమాలు కూడా చూసుకోవాలి, బ్యాగులో బరువు ఉండకూడదు." ఇంట్లో ఒకడు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అయితే చుట్టాలందరి ల్యాప్‌టాప్ సలహాల శాఖ వాడిదే కదా!

ఏదో ఒక మోడల్ పేరు చెప్పేస్తే నా పని అయిపోతుంది. కానీ రెండు నెలల్లో ఆ మోడల్ స్టాక్ ఉండదు, లేదంటే అదే పేరుతో వేరే స్క్రీన్ పెట్టి అమ్ముతుంటారు. పైగా ఫీజు, హాస్టల్ కట్టాక మిగిలిన దాంట్లోంచి ఇంట్లోవాళ్లు సర్దే డబ్బు ఇది. రెండేళ్లకే ఇంకోటి కావాలని అడగలేం. అందుకే ఇక్కడ మోడల్స్ లిస్టు ఇవ్వట్లేదు, ఏ షాపులో ఏది చూపించినా మీరే తేల్చుకునేలా ఎలా చూడాలో చెప్తాను.

ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి: కొన్నాక మార్చుకోలేని వాటి మీద ముందు డబ్బు పెట్టాలి. బరువు, స్క్రీన్, కీబోర్డు ఎప్పటికీ అవే. ప్రాసెసర్ కూడా మారదు, కాకపోతే మన పనులకి మధ్యరకం చాలు. ఎస్‌ఎస్‌డీ, కొన్ని మోడల్స్‌లో ర్యామ్ మాత్రం తర్వాత పెంచుకోవచ్చు. చాలామంది దీనికి రివర్స్‌లో వెళ్తారు. ప్రాసెసర్ స్టిక్కర్, 1 టీబీ స్టోరేజీ చూసి కొనేసి, నాలుగేళ్లు మసక స్క్రీన్ ముందు కూర్చుంటారు.

బరువు: చార్జర్‌తో కలిపి లెక్కేయండి

స్పెసిఫికేషన్లలో రాసే బరువులో చార్జర్ ఉండదు. 15.6 అంగుళాల మామూలు ల్యాప్‌టాప్ 1.6 నుంచి 1.8 కిలోలు ఉంటుంది. 14 అంగుళాలది ఎక్కువగా 1.3 నుంచి 1.5 కిలోల మధ్య వస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే 2.2 కిలోలు దాటడం మామూలే, దాని చార్జరే అరకిలో దాకా తూగుతుంది. దీనికి వాటర్ బాటిల్, టిఫిన్ బాక్స్, రెండు రికార్డు బుక్కులు కలపండి. బస్సులో నిలబడి కాలేజీకి వెళ్లేవాళ్లకి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. బరువైన ల్యాప్‌టాప్‌ని మొదటి రెండు వారాలు ఉత్సాహంగా మోస్తారు, ఆ తర్వాత అది హాస్టల్ రూంలోనే ఉండిపోతుంది. నా లెక్క ఏంటంటే, చార్జర్‌తో కలిపి 2 కిలోలు దాటకూడదు.

టైప్-సీ పోర్టు ద్వారా చార్జ్ అయ్యే మోడల్ దొరికితే ఇంకా మంచిది. 65 వాట్ల చార్జర్ ఒక్కటి పెట్టుకుంటే ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి రెండిటికీ సరిపోతుంది. అయితే టైప్-సీ పోర్టు ఉన్నంత మాత్రాన అందులోంచి చార్జ్ అవుతుందని అనుకోవద్దు. కొన్ని పోర్టులు డేటా కోసమే. స్పెసిఫికేషన్లలో 'పవర్ డెలివరీ' అని ఉందో లేదో చూడండి.

స్క్రీన్: మన రెండు పనులూ ఇక్కడే

పీడీఎఫ్ చదివినా, సినిమా చూసినా మన కళ్లు ఉండేది స్క్రీన్ మీదే. కంపెనీలు ఖర్చు తగ్గించుకునేదీ ఇక్కడే. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో 'ఫుల్ హెచ్‌డీ' అని ఉంటుంది. అది పిక్సెల్స్ సంఖ్య మాత్రమే, అంటే 1920 × 1080. స్క్రీన్ బాగుంటుందా లేదా అనేది అది చెప్పదు. చూడాల్సినవి ఇంకో మూడు.

మొదటిది, ప్యానెల్ రకం. టీఎన్ ప్యానెల్ అయితే వద్దు, ఐపీఎస్ కావాలి. టీఎన్‌లో తల కాస్త పక్కకి జరిగినా, స్క్రీన్ కాస్త వంగినా రంగులు మారిపోతాయి. ఫ్రెండ్‌తో కలిసి సినిమా చూస్తుంటే మీకు కనిపించే సీన్ పక్కనున్నవాడికి తెల్లగా పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఐపీఎస్‌లో ఆ బాధ ఉండదు. బడ్జెట్‌లో ఓఎల్‌ఈడీ దొరికితే సినిమాలకి అంతకు మించింది లేదు, ఎందుకంటే నలుపు సీన్‌లో ఆ పిక్సెల్స్ నిజంగానే ఆరిపోతాయి. కాకపోతే టాస్క్‌బార్ లాంటివి గంటల తరబడి కదలకుండా ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ మచ్చ పడే అవకాశం ఉంది, కాబట్టి డార్క్ మోడ్ పెట్టుకుని వాడాలి.

రెండోది, బ్రైట్‌నెస్. దీన్ని నిట్స్‌లో కొలుస్తారు. 220, 250 నిట్స్ స్క్రీన్ రాత్రి రూంలో బాగానే ఉంటుంది, పగలు క్లాసులో కిటికీ పక్కన కూర్చుంటే స్లైడ్ కంటే మన మొహమే ఎక్కువ కనిపిస్తుంది. 300 నిట్స్ ఉంటే పని జరిగిపోతుంది, అంతకంటే ఎక్కువ ఉంటే ఇంకా మంచిది.

మూడోది, రంగులు. స్పెసిఫికేషన్లలో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే అది చవక ప్యానెల్ అని అర్థం. ఐపీఎస్ అయినా సరే రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి, ఎర్ర చీర ఇటుక రంగులోకి దిగిపోతుంది. '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' లేదా '100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అని రాసి ఉంటే ఆ రెండూ దాదాపు ఒకటే, అదే మనకి కావాల్సింది. చదువుకి 45 శాతంతో సర్దుకోవచ్చు, సినిమాలు ఎక్కువ చూసేవాళ్లు మాత్రం దీనికి రెండు మూడు వేలు ఎక్కువ పెట్టినా తప్పు లేదు.

ఇక సైజు. "సినిమాలకి 15.6 ఉండాలి కదా?" అని అందరూ అడుగుతారు. లెక్క చూద్దాం. 15.6 అంగుళాల మామూలు 16:9 స్క్రీన్ ఎత్తు సుమారు 19.4 సెంటీమీటర్లు, వెడల్పు 34.5. 14 అంగుళాల 16:10 స్క్రీన్ ఎత్తు 18.8, వెడల్పు 30.2. అంటే పీడీఎఫ్‌లో, కోడ్‌లో పై నుంచి కిందికి కనిపించే జాగా రెండిట్లో దాదాపు సమానం. సినిమాలో మాత్రం 4 సెంటీమీటర్ల వెడల్పు పోతుంది, పైనా కిందా నల్ల పట్టీలు కూడా కొంచెం పెద్దగా వస్తాయి. ఒక్కరే చూసేటప్పుడు ల్యాప్‌టాప్‌ని కాస్త దగ్గరికి లాక్కుంటే ఆ లోటు తెలియదు. ఇంట్లో అందరూ కలిసి చూడాలంటే 15.6 కూడా చిన్నదే. ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ కొని టీవీకి పెట్టేయండి. కాబట్టి రోజూ కాలేజీకి మోసేవాళ్లకి నా ఓటు 14 అంగుళాల 16:10కే. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

ప్రాసెసర్: నంబర్ పెద్దదైతే కొత్తదని కాదు

చదువు, బ్రౌజింగ్, కోడింగ్ ప్రాక్టీసు, సినిమాలు. వీటికి ఇంటెల్ ఐ3-1215యూ లాంటి 6 కోర్ల చిప్ హాయిగా సరిపోతుంది. ఐ5-1235యూ, ఐ5-1335యూ లాంటివి దొరికితే సంతోషం. వద్దనేది సెలెరాన్ ఎన్4020 లాంటి 2 కోర్ల చిప్‌లని. నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే అవి ఆయాసపడతాయి.

ఏఎండీలో పేరు చూసి మోసపోకండి. రైజెన్ 7000 సిరీస్‌లో మొదటి అంకె మార్కెట్‌కి వచ్చిన ఏడాదికి గుర్తు, లోపలి డిజైన్ ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. 7520యూలో మూడో అంకె 2, అంటే పాత జెన్ 2 డిజైన్, 4 కోర్లు. 7530యూలో అది 3, అంటే జెన్ 3, 6 కోర్లు. పేరులో తేడా పది, పనిలో తేడా చాలా ఎక్కువ. రెండిటి మీదా ఉండేది 'రైజెన్ 5' స్టిక్కరే!

సినిమాల విషయంలో ప్రాసెసర్ స్పీడు కన్నా అందులోని వీడియో డీకోడర్ ముఖ్యం. యూట్యూబ్ చాలా వీడియోలని ఏవీ1 అనే ఫార్మాట్‌లో ఇస్తుంది. దాన్ని విప్పే డీకోడర్ చిప్‌లోనే ఉంటే ఫ్యాన్ చప్పుడు లేకుండా, బ్యాటరీ తినకుండా వీడియో ఆడుతుంది. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన కోర్ ల్యాప్‌టాప్ చిప్‌లలో ఇది ఉంది. పైన చెప్పిన 7530యూలో లేదు, అయినా పాత వీపీ9 ఫార్మాట్ ఉంది కాబట్టి వీడియోలు ఆగిపోవు.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ: ఒక్క ప్రశ్న అడగండి

విండోస్ 11 తెరిచి ఖాళీగా ఉంచినా 3, 4 జీబీ ర్యామ్ తీసుకుంటుంది. దాని మీద బ్రౌజర్, క్లాస్ వీడియో, పీడీఎఫ్ పెడితే 8 జీబీ నిండిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ నడపాలంటే గూగుల్ వాళ్లే 16 జీబీ ఉండాలంటున్నారు. అందుకే షాపులో అడగాల్సిన ప్రశ్న: "ర్యామ్‌కి ఖాళీ స్లాట్ ఉందా, బోర్డుకి అతికించేశారా?" స్లాట్ ఉంటే 8 జీబీతో మొదలుపెట్టొచ్చు. అతికించేసి ఉంటే 16 జీబీది తీసుకోవాల్సిందే. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి తర్వాత వేసుకునే ర్యామ్ ఖర్చు కూడా ఇప్పుడే కలిపి లెక్కేయండి.

స్టోరేజీకి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. విండోస్‌లో 476 అని కనిపిస్తుంది, కంగారు పడకండి, అది లెక్కించే పద్ధతిలో తేడా. 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ ఉన్నవి మాత్రం ఎంత చవకైనా ముట్టుకోవద్దు. విండోస్ 11 కనీసంగా అడిగేదే 64 జీబీ, అప్‌డేట్లకే జాగా ఉండదు.

బ్యాటరీ: '10 గంటలు' నమ్మకండి

యాడ్‌లో గంటలు రాస్తారు. మీరు వాట్-అవర్స్ చూడండి. సినిమా ఆడేటప్పుడు ఇలాంటి ల్యాప్‌టాప్ సుమారు 8 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే, 42 వాట్-అవర్ల బ్యాటరీ 5 గంటల చిల్లర వస్తుంది. 50 పైన ఉంటే ఆరు గంటలు దాటుతుంది. ప్లగ్ పాయింట్లు తక్కువుండే లెక్చర్ హాల్లో కూర్చున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు ఎవరికి?

వీడియో ఎడిటింగ్, త్రీడీ మోడలింగ్, గేమ్స్ సీరియస్‌గా చేసేవాళ్లకి. మిగతావాళ్లకి అది బరువు, వేడి, బ్యాటరీ ఖర్చు. మెకానికల్, సివిల్ వాళ్లు మాత్రం సీనియర్లని ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో అడిగాకే కొనండి. సాలిడ్‌వర్క్స్ లాంటివి విండోస్‌కే ఉన్నాయి. క్రోమ్‌బుక్, మ్యాక్‌బుక్ తీసుకుంటే అక్కడ ఇరుక్కుంటారు.

బడ్జెట్ 25 వేలే అయితే

ఆ ధరలో కొత్త ల్యాప్‌టాప్ కన్నా, ఆఫీసుల్లో వాడి రీఫర్బిష్ చేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ మేలు. డెల్ లాటిట్యూడ్ 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5, లెనొవో థింక్‌ప్యాడ్ టీ480 లాంటివి సికింద్రాబాద్ సీటీసీ లాంటి మార్కెట్లలో దొరుకుతుంటాయి. కీబోర్డులు బాగుంటాయి, ర్యామ్ కూడా మార్చుకోవచ్చు. ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతదే తీసుకోండి. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 అంతకన్నా పాత ఇంటెల్ చిప్‌లని దాదాపుగా ఒప్పుకోదు. షాపులోనే విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీయించి, బ్యాటరీ అసలు కెపాసిటీలో ఇప్పుడెంత మిగిలిందో చూడండి. సగమే ఉంటే కొత్త బ్యాటరీ ధర తగ్గించమని బేరమాడండి.

కొనే రోజు

మోడల్ పేరుతో ఆగకుండా పూర్తి మోడల్ కోడ్ రాసుకుని కంపెనీ సైట్‌లో వెతకండి. ఒకే ఐడియాప్యాడ్ స్లిమ్ 3 పేరుతో టీఎన్ స్క్రీన్‌వీ, ఐపీఎస్ స్క్రీన్‌వీ రెండూ అమ్మారు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లయినా ముందు ఒకసారి షోరూంకి వెళ్లండి. రాత్రి సీన్ ఉన్న సినిమా క్లిప్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి పెట్టి చూడండి, స్క్రీన్‌ని వెనక్కి వంచండి, నాలుగు లైన్లు టైప్ చేయండి, ఒంటిచేత్తో ఎత్తండి. ఓటీటీలో మొబైల్ ప్లాన్ వాడుతుంటే అది ల్యాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో కూడా చూసుకోండి, కొన్ని నడవవు.

డబ్బు సరిపోకపోతే తగ్గించుకోవాల్సిన వరుస ఇదీ: ముందు స్టోరేజీ, తర్వాత ఐ5 నుంచి ఐ3కి, ఆ తర్వాత స్లాట్ ఉంటేనే ర్యామ్. ఐపీఎస్ స్క్రీన్, బరువు దగ్గర మాత్రం రాజీపడొద్దు. స్టోరేజీ రెండేళ్ల తర్వాతైనా పెంచుకోవచ్చు, స్క్రీన్ మాత్రం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు దాకా అదే ఉంటుంది.