బడి నుంచి వారం వారం వచ్చే ఉత్తరం

టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్. మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని ఈ పేటల్లో ఏ పార్కులో కూర్చున్నా పక్క బెంచీ మీంచి తెలుగు వినిపిస్తుంది. ఇక్కడ పిల్లల్ని క్యాథలిక్ ప్రైమరీ బడిలో వేసిన తెలుగువాళ్లలో గుంటూరు, కృష్ణా, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఆర్‌.సి.ఎం. కుటుంబాలున్నాయి. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం పెట్టుకుని, పిల్లకు క్రమశిక్షణ వస్తుందని చేర్చినవాళ్లూ ఉన్నారు. వారానికోసారి వీళ్లందరి ఫోన్లలోకి బడి నుంచి ఒక న్యూస్‌లెటర్ వస్తుంది.

తెరిస్తే ముందు ప్రిన్సిపల్ ఉత్తరం, కింద ఒక చిన్న ప్రార్థన. ఆ తర్వాత ఒక వరుసంటూ లేకుండా పుట్టినరోజుల పేర్లు, ఆ వారం సర్టిఫికెట్లు అందుకున్న పిల్లల ఫొటోలు, ఈత క్లాసులు, టోపీలు, పేలు, పాన్‌కేకులు, యూనిఫాం దుకాణం వేళలు, ఫీజు గడువు. మన బళ్లలో డైరీలో టీచరు ఒక వాక్యం రాసి పంపిందంటే ఇంట్లో గుండె గుభేల్మంటుంది. ఫీజు బాకీ అయినా అయ్యుండాలి, పిల్లాడు ఎవణ్ణైనా కొట్టైనా ఉండాలి. ఆ అలవాటు మీద వచ్చినవాళ్లకు ఇన్ని పేజీల కబుర్లు ఎందుకో అర్థం కాదు. తమ పిల్ల ఫొటో ఉందా లేదా చూసుకుని మూసేస్తారు. తీరా సోమవారం పొద్దున గేటు దగ్గర పిల్లలందరూ ఆటల డ్రెస్సులో కనిపిస్తే, మన పిల్ల ఒక్కతే మామూలు యూనిఫాంలో నిలబడి ఏడుస్తుంది.

ఈ ఉత్తరాన్ని కబుర్లలా చదివితే ఏమీ మిగలదు. అందులో చాలా పేరాలు మనల్ని ఏదో ఒకటి అడుగుతుంటాయి: రండి, పంపండి, పంపకండి, ఫలానా తేదీలోపు జవాబివ్వండి. ఆ అడగడం కూడా మొహమాటంగా, మెత్తగా ఉంటుంది. ‘వీలైతే రండి’ అని ఉన్నచోట ‘మీరొస్తారని ఎదురుచూస్తాం’ అని చదువుకోవాలి. ఇంత చనువుగా ఎందుకు అడుగుతారంటే, ఈ బళ్లు మొదటినుంచీ కుటుంబాలు భుజాన మోసుకొచ్చినవి.

1872లో విక్టోరియా, అంటే మెల్‌బోర్న్ ఉన్న అప్పటి కాలనీ, ఒక చట్టం చేసింది. సర్కారు బడి ఉచితం, పిల్లల్ని పంపడం తప్పనిసరి, పాఠంలో మతం ఉండదు. మిగతా ఆస్ట్రేలియా కాలనీలు కూడా ఒకదాని వెనక ఒకటి ఇదే దారి పట్టాయి. చర్చి బళ్లకు సర్కారు డబ్బు ఆగిపోయింది. క్యాథలిక్ బిషప్పులు బళ్లు మూయలేదు. ఐర్లండు నుంచి, యూరప్ నుంచి సిస్టర్లను, బ్రదర్లను రప్పించి జీతం లేని టీచర్లతో నడిపించారు. అప్పటికే ఇక్కడే పుట్టిన ఒక సభ కూడా పనిలో ఉంది. మెల్‌బోర్న్‌లో పుట్టిన మేరీ మెకిలప్ 1866లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పెనోలాలో, ఫాదర్ జూలియన్ టెనిసన్ వుడ్స్‌తో కలిసి, పేద పిల్లలకు బడి మొదలుపెట్టింది. అది గుర్రపుశాలను బాగుచేసి నడిపిన బడి. 1871లో ఒక బిషప్పు ఆమెను క్యాథలిక్ తిరుసభలోంచే వెలివేశాడు, మరుసటి ఏడాది ఆ వెలి ఎత్తేశాడు. 2010లో రోము ఆమెను ఆస్ట్రేలియా తొలి పునీతురాలిగా ప్రకటించింది. మూడో టర్మ్‌లో, ఆగస్టు 8 దగ్గరపడగానే ఉత్తరంలో కనిపించే గోధుమరంగు దుస్తుల సిస్టరు ఈవిడే.

టీచర్లకు జీతం లేకపోయినా ఇటుకకూ సిమెంటుకూ డబ్బు కావాలి. అది చర్చికి వచ్చే కూలీల జేబుల్లోంచి వచ్చింది. దాదాపు తొంభై ఏళ్లు అలాగే నడిచింది. 1962 జులైలో న్యూ సౌత్ వేల్స్‌లోని గోల్‌బర్న్‌లో ఒక క్యాథలిక్ ప్రైమరీ బడికి అదనంగా మరుగుదొడ్లు కట్టాలని అధికారులు తాఖీదు ఇచ్చారు. కట్టడానికి డబ్బు లేదు. ఊళ్లోని క్యాథలిక్‌లు కూడబలుక్కుని తమ బళ్లన్నీ మూసేసి, ‘మా పిల్లల్ని మీరే చదివించండి’ అంటూ సుమారు 2,000 మందిని సర్కారు బళ్ల ముందుకు తీసుకెళ్లారు. ఆరువందల మంది పైచిలుకుకే చోటు దొరికింది. సమ్మె వారంలో ముగిసింది గానీ దేశం మొత్తానికి లెక్క అర్థమైంది. ఈ బళ్లు మూతపడితే ఆ పిల్లల భారం సర్కారు మీదే పడుతుంది. మరుసటి ఏడాది ఎన్నికల్లో ప్రధాని మెన్జీస్ సైన్సు లాబొరేటరీలకు డబ్బు ఇస్తానన్నాడు. 1970లలో ఏటేటా క్రమం తప్పని సాయం స్థిరపడింది. మరుగుదొడ్ల తగాదా విద్యా విధానాన్ని మార్చిన దేశం ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఐదుగురు పిల్లల్లో దాదాపు ఒకరు క్యాథలిక్ బడిలో చదువుతున్నారు. ఖర్చులో పెద్ద వంతు ప్రభుత్వాలదే. పాఠాలు చెప్పే సిస్టర్లు కనుమరుగయ్యారు, టీచర్లు దాదాపు అందరూ మామూలు గృహస్థులే. అలవాట్లు మాత్రం పాతవే. శనివారం పొద్దున తల్లిదండ్రులు చేతి తొడుగులు వేసుకుని బడి తోటలో కలుపు తీసే ‘వర్కింగ్ బీ’, రాఫిల్ టికెట్లు, మదర్స్ డే స్టాల్, ఏడాదికో రెండేళ్లకో వచ్చే తిరునాళ్లలాంటి ఫేట్. ఇంత ఫీజు కట్టాక ఇంకా కలుపు కూడా మేమే తీయాలా అని మనవాళ్లు విసుక్కోవడం విన్నాను. కొన్ని బళ్లలో వర్కింగ్ బీకి రానివాళ్లు కొంత రుసుము కట్టాలి, వచ్చినవాళ్లకు అది మాఫీ. కలుపు తీసేవాళ్లు ఎప్పుడూ ఆ పది కుటుంబాలే. స్కూలు వాట్సాప్ గ్రూపులో ఎవరు ఎవరో తెలిసేదీ, పిల్లల ఆటలకు పిలుపులు మొదలయ్యేదీ మాత్రం ఆ కలుపు దగ్గరే.

ఒక వారం ఉత్తరాన్ని దగ్గరగా చూద్దాం. ఇక్కడ బడి ఏడాది జనవరి చివర మొదలవుతుంది. నాలుగు టర్మ్‌లు, ఒక్కోటి పది వారాలు అటూ ఇటూగా. ఉత్తరం పైన తేదీ కంటే ముందు ‘టర్మ్ 1, వారం 4’ అనే ఉంటుంది. ఆ మంగళవారం పాన్‌కేకులు. మరునాడు విభూది బుధవారం, పిల్లలందరూ చర్చిలో పూజకు వెళ్లి నుదుట బూడిద పెట్టించుకుంటారు. నలభై రోజుల ఉపవాసానికి ముందు ఇంట్లో మిగిలిన గుడ్లూ వెన్నా ఖర్చు చేసుకోవడానికి పుట్టినవి ఆ పాన్‌కేకులు. అదే వారం పిల్ల సంచిలో ఇంకా మడవని ఒక అట్టపెట్టె వస్తుంది. గీతల వెంబడి మడిచి చెవులు లోపలికి దోపితే పైన చిల్లు ఉన్న హుండీ అవుతుంది. ఆస్ట్రేలియా క్యాథలిక్ సభ విదేశీ సాయం సంస్థ అయిన కారిటాస్ నడిపే ‘ప్రాజెక్ట్ కంపాషన్’ డబ్బా అది. ఈస్టర్ దాకా భోజనాల బల్ల మీద పెట్టి, చాక్లెట్ మానేసిన రోజు ఆ డబ్బు అందులో వేయమని పిల్లకు చెప్పి ఉంటారు. ఇప్పుడు ఎవరి దగ్గరా చిల్లర ఉండదు, అందుకని ఆన్‌లైన్‌లో కట్టే దారి కూడా ఇస్తారు.

హిందూ ఇంట్లో ఆ డబ్బా చూసి తల్లి కంగారు పడొచ్చు. ఇది తప్పనిసరా? కాదు. వేయకపోతే ఎవరూ అడగరు. పిల్ల మాత్రం అడుగుతుంది, ఎందుకంటే ఏదో దూరదేశపు కుటుంబం కథ వారానికొకటి క్లాసులో చెబుతున్నారు. మత పాఠం సంగతి వేరు. అది మిగతా సబ్జెక్టుల్లాగే అందరికీ ఉంటుంది, రిపోర్టులో కూడా వస్తుంది. చేర్పించేటప్పుడు మీరు సంతకం చేసిన కాగితంలో దానికి ఒప్పుకున్నారు. పూజలో మిగతా పిల్లల్లాగే కూర్చుంటారు. సత్ప్రసాదం (కమ్యూనియన్) వేళకు క్యాథలిక్ కాని పిల్లలు చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వెళితే ఫాదర్‌గారు దీవించి పంపుతారు. ఇది ఇబ్బంది అనుకునేవాళ్లు చేర్చకముందే ఆలోచించుకోవాలి. చేర్చాక టీచరుతో వాదించడం ఆమెకూ మీకూ తలనొప్పే.

క్యాథలిక్ తెలుగు కుటుంబాలు ఇదే మొదటి టర్మ్ ఉత్తరంలో ఒక పేరాను రెండుసార్లు చదవాలి. మెల్‌బోర్న్‌లో చాలా విచారణల్లో, అంటే ప్యారిష్‌లలో, మూడో తరగతిలో తొలి పాపసంకీర్తనం, నాలుగులో తొలి సత్ప్రసాదం, ఆరులో భద్రమైన అభ్యంగనం ఇస్తారు. మన దగ్గర సిస్టర్లో ఉపదేశిగారో సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి జపాలు నేర్పేస్తారు, తల్లిదండ్రులు పట్టుబట్టలు కొంటే చాలు. ఇక్కడ పేరు నమోదు చేయాలి, సాయంత్రం సభకు తల్లో తండ్రో పిల్లతో వెళ్లాలి, జ్ఞానస్నాన పత్రం ప్రతి ఇవ్వాలి. ఆ పత్రం ఊళ్లో విచారణ రిజిస్టరులో ఉంటుంది. అక్కడి ఫాదర్‌గారు జాతరకు వెళ్లి ఉంటారు, ఆఫీసులో ఫోన్ ఎవరూ ఎత్తరు. గడువు దాటితే చాలా చోట్ల ఏడాది ఆగాల్సిందే. విమానం ఎక్కేటప్పుడు పాస్‌పోర్టుల పక్కన ఆ కాగితమూ పెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు.

ఎవరూ చదవని చోట, ఉత్తరం అడుగున, చిన్న అక్షరాల్లో ప్రతి వారం ఒకే వాక్యం కనిపిస్తుంది: ఈ బడి పిల్లల భద్రతకు కట్టుబడి ఉంది. ఇది అలంకారం కాదు. సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాలపై ఆస్ట్రేలియా వేసిన రాయల్ కమిషన్ 2013లో పని మొదలుపెట్టి 2017 డిసెంబరులో తుది నివేదిక ఇచ్చింది. మత సంస్థల్లో తమకు జరిగింది కమిషన్ ముందు ఏకాంతంగా చెప్పుకున్న బాధితుల్లో 60 శాతానికి పైగా క్యాథలిక్ సంస్థల పేరే చెప్పారు. బిషప్పులకు తెలిసి కూడా దోషుల్ని ఒక విచారణ నుంచి ఇంకో విచారణకు మార్చిన తీరు నివేదికలో వివరంగా ఉంది. ఆ చరిత్ర తలవంపుగా ఉన్నంత కాలం ఆ వాక్యం ఉండాలి. దానితోపాటే కొన్ని నియమాలు వచ్చాయి. విక్టోరియాలో పిల్లలతో పనిచేసే సంస్థలన్నీ పాటించాల్సిన భద్రతా ప్రమాణాలు 2022 జులై నుంచి 11 అయ్యాయి. క్లాసులో చదివించడానికో ఎక్స్‌కర్షన్‌కు తోడుగానో వెళ్లాలంటే మీ దగ్గర ‘వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్’ ఉండాలంటారు. సొంత పిల్ల పాల్గొనే పనిలో సాయపడే తల్లిదండ్రులకు చట్టం మినహాయింపు ఇస్తుంది గానీ క్యాథలిక్ బళ్లు సాధారణంగా ఆ మినహాయింపు ఇవ్వవు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు అది ఉచితం, ఐదేళ్లు చెల్లుతుంది. ముందే తీసి పెట్టుకోండి. ఎక్స్‌కర్షన్ ముందురోజు అడిగితే దొరికేది కాదు. బడి పండగలో తీసిన ఫొటోలో పక్కింటి పిల్ల ఉంటే, దాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టకండి అని అడగడం కూడా ఇక్కడినుంచి వచ్చిందే.

తిండి సంగతి మనవాళ్లకు మింగుడుపడదు. మన ఊళ్లో పుట్టినరోజంటే రంగుల డ్రెస్సు, చాక్లెట్ల ప్యాకెట్, క్లాసు క్లాసుకూ తిరిగి పంచడం. ఇక్కడ ‘పంచడానికి తినుబండారాలు పంపకండి’ అని ఉంటుంది. పల్లీలో జీడిపప్పో తగిలితే ఊపిరాడని పిల్ల ప్రతి బడిలోనూ ఉండొచ్చు. అలాంటి పిల్లలకు ఏం చేయాలో రాసిపెట్టుకోవడం బళ్లకు చట్టప్రకారం తప్పనిసరి. కొబ్బరి లౌజు పంపలేకపోయామని బాధపడకండి, కావాలంటే తలా ఒక పెన్సిలు పంపండి. టోపీల నియమం కూడా గట్టిదే. విక్టోరియాలో ఆగస్టు మధ్య నుంచి ఏప్రిల్ చివర దాకా టోపీ లేని పిల్లను ఎండలో ఆడనివ్వరు, నీడలో కూర్చోబెడతారు. పేల గురించి వచ్చే పేరాకు మాత్రం మనం సిగ్గుపడాల్సిన పని లేదు, ఆ విషయంలో మన అమ్మమ్మల సన్నపళ్ల దువ్వెనకు సాటి వచ్చేది ఇంకా ఏ దేశమూ కనిపెట్టలేదు.

మార్చిలో నాప్లాన్ ప్రస్తావన వస్తుంది. 3, 5, 7, 9 తరగతుల పిల్లలకు దేశమంతా పెట్టే పరీక్ష అది. మూడో తరగతి వాళ్లు వ్యాసం కాగితం మీద రాస్తారు, మిగతాదంతా కంప్యూటర్ మీదే. దానికి కోచింగ్ అక్కర్లేదని ప్రిన్సిపల్ ఏటా రాస్తారు. తెలుగు తల్లిదండ్రులు ఏటా ఆ వాక్యం దాటవేసి ట్యూషన్ నంబర్లు పంచుకుంటారు.

నాకు నచ్చే పేరా జులై చివర వస్తుంది. ఏసు అమ్మమ్మ తాతయ్యలుగా క్యాథలిక్‌లు కొలిచే అన్నమ్మ, జ్వాకీముల పండగ జులై 26న. ఆ దగ్గర్లో చాలా బళ్లు అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యలను క్లాసుకు పిలుస్తాయి. విజిటర్ వీసా మీద వచ్చి, చలికి నాలుగు గోడల మధ్య విసిగిపోయిన మన పెద్దవాళ్లకు ఇది దొరకని అవకాశం. ఇంగ్లిష్ రాదని వెనకాడతారు. చిన్న కుర్చీల్లో ఇరుక్కుని కూర్చుంటే చాలు, మాట్లాడే పని మనవరాలు చూసుకుంటుంది. తోడబుట్టినవాళ్లు పంపిన పట్టుచీర కట్టుకోవడానికి అమ్మమ్మకూ ఒక చోటు దొరుకుతుంది.

నాలుగో టర్మ్ ఉత్తరాల్లో రెండు గడువులు దాక్కుని ఉంటాయి. వచ్చే ఏడాది పిల్లను ఏ సెక్షన్‌లో వేయాలన్న విషయంలో టీచర్లకు తెలియాల్సిన సంగతి ఏదైనా ఉంటే, ఆ తేదీలోపు ప్రిన్సిపల్‌కు రాయాలి. స్నేహితురాలు ఎవరు, ఎవరితో పడదు, చెవి సరిగా వినపడదు లాంటివి. ఫలానా టీచరే కావాలని రాస్తే మాత్రం పట్టించుకోరు. రెండోది బడి మారేవాళ్లకు. ఇల్లు మారుతున్నా, ఇండియా వెళ్లిపోతున్నా చాలా బళ్లకు ఒక టర్మ్ ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఆ టర్మ్ ఫీజు అడుగుతారు. గేటు దగ్గర టీచరుతో నోటిమాటగా అన్నది లెక్కలోకి రాదు, ఆఫీసుకు ఈమెయిల్ వెళ్లాలి.