అంగిలిపై మచ్చ.. అశ్రద్ధ చేస్తే ముప్పు
నొప్పి లేదని ఊరుకుంటే ముదురుతున్న నోటి క్యాన్సర్

శ్రీకాకుళం: చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలోపల ఉంచుకుని పొగ పీల్చడం ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో తరతరాలుగా వస్తున్న అలవాటు. దీనినే అడ్డపొగ అంటారు. వయసు పైబడిన మహిళల్లో ఇది ఎక్కువ. ఈ అలవాటు ఉన్నవారికి అంగిలి క్యాన్సర్ వచ్చే ప్రమాదం పొంచి ఉంది. ఈ వ్యాధి మొదలయ్యేది కంటికి కనిపించే చోటే. టార్చిలైటు వెలుతురులో ఒక్క నిమిషం నోరు పరీక్షిస్తే అనుమానిత మచ్చను గుర్తించవచ్చు. అయినా పుండు ముదిరాకే ఆసుపత్రి మెట్లెక్కేవారు ఎందరో ఉండటం విచారకరం.

ఎందుకీ అలవాటు?
ఇలా తాగితే గాలికి నిప్పు ఆరదు. చుట్ట ఎక్కువసేపు వస్తుంది. చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకుంటూ వచ్చారు. 1971లో ప్రచురితమైన అధ్యయనం కోసం రాష్ట్రంలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించగా, ప్రతి పది మందిలో నలుగురికి పైగా అడ్డపొగ తాగేవారేనని తేలింది.

లక్షణాలివి..
పొగాకులోని విషపదార్థాలకు నిప్పు సెగ తోడవడంతో అంగిలి దెబ్బతింటుంది. తొలుత చర్మం తెల్లబడి మందమవుతుంది. మధ్యలో ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. రెండు, మూడు వారాలైనా మానని పుండు, గడ్డ, రక్తస్రావం ఉంటే వెంటనే వైద్యుని సంప్రదించాలి. తొలిదశలో నొప్పి లేకపోవడమే అసలు చిక్కు. 'పొగ మచ్చలే కదా' అని కొందరు, కూలి పోతుందని, పిల్లలకు భారమవుతామని మరికొందరు దాచిపెడుతున్నారు.

పరీక్ష ఇంటి ముంగిటే..
జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్షను ఐదేళ్లకోసారి చేయాలి. మహిళలకు దీనితోపాటు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు కూడా ఉంటాయి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి వివరాలు నమోదు చేస్తారు. మచ్చ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అని కాదు. చుట్ట మానేస్తే కొన్ని మచ్చలు తగ్గుముఖం పడతాయి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. అలా తీస్తే వ్యాధి పాకుతుందన్న భయం అక్కర్లేదు.

ఒక్క వైద్యునితో తీరదు
వ్యాధి నిర్ధారణ అయితే శస్త్రచికిత్స, రేడియేషన్, మందుల చికిత్స నిపుణులు, ముక్క పరీక్ష, స్కానింగ్ చేసిన వైద్యులు కలసి కూర్చుని చికిత్స నిర్ణయించాలి. దీనినే ట్యూమర్ బోర్డు అంటారు. అంగిలి కొంత తొలగిస్తే తిన్నది ముక్కులోకి పోతుంది, మాట స్పష్టంగా రాదు. దంతవైద్యులు ఆ రంధ్రాన్ని మూసే కృత్రిమ పలకను అమర్చితే రోగి మళ్లీ ముద్ద మింగగలుగుతారు. విశాఖ సమీపంలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా అమలవుతున్న పథకంలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి.

తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతో పోయే వ్యాధి, ముదిరితే ప్రాణాలకే ముప్పు తెస్తుంది. ఇంట్లో చుట్ట తాగే పెద్దలుంటే, కుటుంబ సభ్యులే చొరవ తీసుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి.