తెల్ల మచ్చలు మాయమైన తరువాత

కొత్త చేపను అక్వేరియంలో వదిలిన వారం లోపే, దానికే కాదు, ఏళ్లుగా ఆరోగ్యంగా ఉన్న పాత చేపల ఒంటి మీద కూడా ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. చేపలు గులకరాళ్లకు ఒళ్లు రుద్దుకుంటాయి, రెక్కలు ముడుచుకుంటాయి, నీటి పైభాగానికి చేరి మొప్పలు వేగంగా ఆడిస్తుంటాయి. దుకాణాల్లో దీన్ని ‘ఇక్’ అంటారు, ఇళ్లలో తెల్ల మచ్చల జబ్బు అంటారు. నాలుగైదు రోజులకు చుక్కలు రాలిపోతాయి. వేసిన నీలి మందు పనిచేసిందనుకుని చాలామంది అక్కడితో ఆపేస్తారు. అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే.

ఈ జబ్బుకు కారణం ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫీలిస్ అనే ఏకకణ జీవి. ఫ్రాన్స్‌కు చెందిన ఫూకే 1876లో దీనికి ఆ పేరు పెట్టాడు. ఇది చేప చర్మంలోనూ మొప్పల్లోనూ పైపొర కిందికి దూరి, అక్కడి కణాలను తింటూ పెరుగుతుంది. మనం చూసే చుక్క అదే. దాదాపు మిల్లీమీటరు దాకా ఎదుగుతుంది. ఎదిగాక చేపను వదిలి నీళ్లలోకి జారి, రాయికో ఆకుకో ఫిల్టర్ స్పాంజికో అంటుకుని, తన చుట్టూ జిగురు తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో ఒకటి రెండై, రెండు నాలుగై, చివరికి వందల పిల్లలవుతాయి, ఒక్కోసారి వెయ్యి కూడా దాటుతాయి. తిత్తి పగిలి ఈదుకుంటూ బయటికొచ్చిన పిల్లలకు వెంటనే చేప దొరకాలి. మన ఇళ్లలోని వెచ్చని నీటిలో ఒకటి రెండు రోజుల్లో దొరక్కపోతే అవి చచ్చిపోతాయి.

అంటే చుక్కలు రాలడం జబ్బు తగ్గడం కాదు. అవి అడుగున చేరి పిల్లల్ని పెడుతున్నాయని దాని అర్థం. తొలి విడతలో పది చుక్కలున్న చేపకు మలి విడతలో వందలు రావడానికి కారణం ఇదే. చర్మం కింద ఉన్నంతకాలం ఆ క్రిమికి చేప చర్మమే రక్ష, తిత్తిలో ఉన్నంతకాలం తిత్తి గోడ రక్ష. మందు బాగా తగిలేది ఈదుతూ చేప కోసం వెతికే ఆ కొద్ది గంటల దశకే. అందుకే మందు ఒక్కరోజు వేసి ఆపడం వృథా. నీటిలో మందు ఉన్న రోజుల్లోనే ప్రతి తిత్తీ పగలాలి.

ఎన్ని రోజులన్నది నీటి వేడి తేలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఈ జీవితచక్రం మూడు నుంచి ఆరు రోజుల్లో పూర్తవుతుంది. 15 డిగ్రీల దగ్గర పది రోజులు, 10 డిగ్రీల దగ్గర అయిదు వారాలు పట్టవచ్చు. ఉష్ణమండలపు చేపలున్న తొట్టిలో హీటర్‌తో నీటిని నెమ్మదిగా 30 డిగ్రీల దాకా పెంచమనేది ఈ చక్రాన్ని తొందరపెట్టడానికే. అంతకుమించిన వేడిలో చాలా రకాల ఇక్ పెరగలేదు కూడా. అయితే వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, పైగా చేప మొప్పలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. కాబట్టి ఎయిర్ పంపు జోరు పెంచకుండా వేడి పెంచితే జబ్బుకంటే ముందు ఊపిరాడక చేప పోతుంది. లీటరుకు రెండు గ్రాముల చొప్పున అయొడిన్ కలపని ఉప్పు కూడా ఈదే పిల్లల్ని దెబ్బతీస్తుంది. గోల్డ్ ఫిష్, మోలీ దాన్ని తేలిగ్గా తట్టుకుంటాయి కానీ చాలా మొక్కలు తట్టుకోలేవు. మందు ఏదైనా చివరి చుక్క కనబడిన రోజు నుంచి మరో రెండు వారాలు కొనసాగించాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంతకీ ఆ క్రిమి మన ఇంటికి ఎలా వచ్చింది? రంగు చేపల పెంపకానికి దేశంలో చెన్నైలోని కొళత్తూరుకూ, కోల్‌కతా చుట్టుపక్కల ఊళ్లకూ పేరుంది. అలాంటి చోట పుట్టిన చేప పెంపకందారు నుంచి టోకు వ్యాపారికి, అక్కడినుంచి మన ఊరి దుకాణానికి చేరేలోపు ఎన్నో తొట్ల నీళ్లు చూస్తుంది. ప్రయాణమంతా ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచిలోనే. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఆ కొద్ది నీటిలో కరిగి ఆమ్లత పెంచుతుంది. చేప వదిలే అమ్మోనియా ఆ ఆమ్ల నీటిలో చాలావరకు అమ్మోనియంగా, అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, ఆమ్లత తగ్గుతుంది, అమ్మోనియం తిరిగి విషపు అమ్మోనియాగా మారుతుంది. దూరప్రయాణం చేసిన చేపను తెరిచిన సంచిలో గంటల తరబడి ఉంచి ‘నీళ్లకు అలవాటు చేయడం’ అందుకే తప్పు. సంచి మూసి ఉండగానే కాసేపు తొట్టి నీటిపై తేలేసి, వేడి సమానమయ్యాక మూతి విప్పి చేపను చేతి వలతో తీసి వదలాలి. సంచి నీళ్లు మాత్రం తొట్టిలో పోయకూడదు.

ఇలాంటి ప్రయాణంలో చేప రోగనిరోధక శక్తి కుంగిపోతుంది. దాచుకున్న జబ్బు బయటపడేది అప్పుడే. దాచుకున్న అనడానికి కారణముంది. ఒకసారి ఇక్ సోకి బతికి బయటపడ్డ చేప శరీరంలో యాంటీబాడీలు తయారవుతాయి. అవి ఆ క్రిమిని చంపవు, దాని ఒంటికి అంటుకుని చేపను వదిలి పారిపోయేలా చేస్తాయి. రోగనిరోధక శాస్త్రవేత్తలను చాలాకాలం ఆకట్టుకున్న విశేషమిది. అయితే అలాంటి చేప మొప్పల్లో ఒకటో రెండో మిగిలి ఉండవచ్చు. ఒక్క చుక్క కూడా కనబడదు. దుకాణంలో చురుగ్గా, నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ ఒకటో రెండో మన తొట్టిలో ఈ జబ్బే ఎరగని చేపల మధ్య పిల్లల్ని పెడతాయి. చేపను ఎంత శ్రద్ధగా చూసి కొన్నా చాలదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

చాలేది వేరే తొట్టి, నాలుగు వారాల కాలం. నలభై లీటర్ల గాజు తొట్టి సరిపోతుంది, ప్లాస్టిక్ టబ్బు అయినా పరవాలేదు. అడుగున గులకరాళ్లు వద్దు. రెట్ట, మిగిలిన మేత, రాలిన తిత్తులు అన్నీ కనబడాలి, తీసేయడానికి వీలవ్వాలి. దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు రెండు చాలు. దాక్కునే చోటు లేని చేప బెదురుతో మేత మానేస్తుంది. ఫిల్టర్‌గా స్పాంజ్ ఫిల్టర్ మేలు, దాన్ని ముందే కొన్ని వారాలు పెద్ద తొట్టిలో నడిపి ఉంచుకోవాలి. వల, బకెట్, సైఫన్ గొట్టం దీనికి వేరుగా ఉండాలి. పని ఎప్పుడూ పెద్ద తొట్టితో మొదలుపెట్టి దీనితో ముగించాలి. రెండు తొట్లు పక్కపక్కన పెట్టకూడదు. సముద్రపు చేపల వెల్వెట్ జబ్బు క్రిమి గాలి బుడగలు పగిలినప్పుడు లేచే తుంపరలతో పాటు పక్క తొట్టికి చేరగలదని ప్రయోగాల్లో తేలింది. మొక్కలకు, నత్తలకు కూడా ఇదే నియమం. వాటికి జబ్బు రాదు కానీ తిత్తులు అంటుకుని రాగలవు.

ఇక్ ఒక్కటే అయితే రెండు వారాలు సరిపోయేవి. కామల్లానస్ అనే ఎర్ర పేగు పురుగు, లంగరు పురుగు, చేప పేను వంటివి బయటపడటానికి ఇంకా సమయం పడుతుంది. నాలుగు వారాలనేది అందుకే. ఈ వారాల్లో ముందుజాగ్రత్త పేరుతో యాంటీబయాటిక్స్ వేసే అలవాటును నేను పూర్తిగా వ్యతిరేకిస్తాను. పరాన్నజీవిని అవి ఏమీ చేయవు. ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాను దెబ్బతీయగలవు, మందులకు లొంగని ఏరోమోనాస్ వంటి బాక్టీరియాను నీటిలో మిగులుస్తాయి. అలాంటి బాక్టీరియా రంగు చేపల వ్యాపారంలో ఇప్పటికే కనబడుతోంది.

చేపల్ని విడిగా ఉంచడం శ్రీమంతుల సరదా అనుకునేవారు ఆంధ్ర తీరపు రొయ్యల రైతుల్ని అడగాలి. 1994లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్య చెరువుల్ని తుడిచిపెట్టింది. పేరు ఒకటే అయినా అది వైరస్, అక్వేరియం చేపల తెల్లమచ్చ ఏకకణ జీవి. రెంటికీ సంబంధం లేదు. 2009లో వనామీ పెంపకానికి అనుమతి వచ్చినప్పుడు విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యల్ని ముందుగా చెన్నై నీలాంకరైలోని ప్రభుత్వ కేంద్రంలో విడిగా ఉంచి, పరీక్షించి, ఆ తరువాతే హేచరీలకు ఇచ్చే ఏర్పాటు చేశారు. ఇంట్లోని చిన్న తొట్టికీ ఆ లెక్కే.

జబ్బు వచ్చేసి సగం చేపలు పోయాయనుకుందాం. ఇప్పుడేం చేయాలన్నది ఏ జబ్బు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్ అయితే తొట్టి కడగనక్కర్లేదు. మిగిలిన చేపల్ని వేరే తొట్టికి మార్చి మందు ఇస్తూ, పెద్ద తొట్టిని రెండు వారాలు చేపలు లేకుండా వెచ్చగా నడిపితే చాలు. చేప లేకపోతే ఆ క్రిమికి బతుకు లేదు. చేపల క్షయ అయితే కథ వేరు. దాని బాక్టీరియా మైకోబాక్టీరియం మారినమ్‌ను 1926లో అరాన్సన్ ఫిలడెల్ఫియా అక్వేరియం చేపల నుంచి వేరుచేశాడు. ఇది చేతికి గాయముంటే మనుషుల చర్మానికీ సోకుతుంది. నెలల తరబడి చేపలు ఒక్కొక్కటిగా బక్కచిక్కి, వెన్ను వంగి చస్తుంటే దీన్ని అనుమానించాలి, గ్లవ్స్ వేసుకోవాలి, సైఫన్ గొట్టాన్ని నోటితో పీల్చడం మానాలి. మామూలు మోతాదు బ్లీచింగ్‌కు ఇది తేలిగ్గా లొంగదు, 70 శాతం ఆల్కహాల్‌కు లొంగుతుంది. గులకరాళ్లు, స్పాంజి పారేయడమే మంచిది.

భయంతో ప్రతి జబ్బుకూ తొట్టి మొత్తం బ్లీచింగ్‌తో కడిగేవారు రెండో దెబ్బ తింటారు. చేపల అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఫిల్టర్‌లోనే ఉంటుంది. నైట్రైట్‌ను మార్చే పని మంచినీటి అక్వేరియంలలో నైట్రోస్పైరా చేస్తుందని 1998లో తేలింది. కడిగేస్తే అవన్నీ పోతాయి, మళ్లీ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు చేపలన్నీ ఒకేసారి వదిలితే రెండో వారంలో నైట్రైట్ పెరిగి, రక్తం ఆక్సిజన్‌ను మోయలేక గోధుమ రంగుకు తిరుగుతుంది. మొప్పలూ అదే రంగులోకి మారతాయి, చేపలు పైకి చేరి నోరు తెరుస్తాయి. చూసినవారు పాత జబ్బే తిరగబెట్టిందని మళ్లీ మందు వేస్తారు, ఆ మందు మిగిలిన బాక్టీరియాను కూడా చంపుతుంది. అప్పుడు కావలసింది మందు కాదు, నీళ్ల పరీక్ష. నైట్రైట్ కనబడితే క్లోరిన్ తీసేసిన నీటితో సగం నీరు మార్చి, కొద్దిగా ఉప్పు వేయాలి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల గుండా నైట్రైట్ లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా వారం రోజులు సున్నా చూపించాక, చేపల్ని రెండేసి మూడేసి చొప్పున, మధ్యలో వారం వ్యవధి ఇచ్చి వదలాలి. పాత నీటిని, చచ్చిన చేపల్ని కాలువల్లో, చెరువుల్లో పారబోయకూడదు. నీటిని బ్లీచింగ్ కలిపి ఒక రోజు ఉంచి డ్రెయినేజీలో వదలాలి, చేపల్ని లోతుగా పూడ్చాలి.