వాకిట్లో గరిక

"ఒరే, డబ్బులు పోసి మరీ గరిక పెంచుతున్నార్రా మీరు?" అంది మా అమ్మ.

2023 మార్చి నెలాఖరు. డాలస్‌కి ఉత్తరాన ఉన్న మా ఇంటి ముందు, చలికాలమంతా ఎండిపోయి గోధుమరంగులో పడి ఉన్న లాన్ అప్పుడే చిగురు వేస్తోంది. అమ్మ వంగి ఒక పోచ తుంచి చూసింది. పల్నాడులో మా నాన్న జీవితమంతా మిరపచేలోంచి పీకి గట్టు మీద పారేసిన గడ్డి అది. నేను పదిహేనేళ్ళుగా దానికి ఎరువు వేసి, నీళ్ళు పెట్టి, ప్రతి రెండు వారాలకీ మనుషుల చేత కోయిస్తున్నాను. అనుమానం వచ్చి చూస్తే అమ్మ మాటే నిజం. ఇక్కడ మామూలు బెర్ముడా గ్రాస్ అనేదీ, మనం వినాయకుడికి పెట్టే గరికా ఒకటే. శాస్త్రీయ నామం కూడా ఒకటే, సైనొడాన్ డాక్టిలాన్.

అమ్మ రెండో ప్రశ్న ఇంకా ఇబ్బంది పెట్టింది. "ఇంత వాకిలి ఉంది, ఒక్కరైనా ఇందులో కూర్చోరేమిరా?"

మనకి వాకిలి అంటే కళ్ళాపి, ముగ్గు, నులక మంచం, వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు. అమెరికాలో ముందు వాకిలి వీధి కోసం. 1869లో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ షికాగో పక్కన రివర్‌సైడ్ అనే ఊరికి ప్లాన్ గీసినప్పుడు, ఇళ్ళు రోడ్డుకి ముప్ఫై అడుగులు వెనక్కి ఉండాలన్నాడు. వీధంతా ఒకే పార్కులా కనిపించాలని ఆయన ఊహ. అది చాలా ఊళ్ళకి నమూనా అయింది. మన హోమ్ ఓనర్స్ అసోసియేషన్లు గడ్డి ఎత్తు గురించి ఉత్తరాలు రాయడం వెనక ఉన్నది కూడా ఆ ఊహే.

నిజానికి మాకు అంతకంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉంది. ముందు గది గోడ మీద కిటికీ మూల నుంచి సన్నటి పగులు మొదలైంది. కారణం మట్టి. ఉత్తర టెక్సాస్‌లో మా ప్రాంతపు నేల నల్లరేగడి, అచ్చం మా పల్నాడు నేలే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దాని మీద కాంక్రీటు పలక పోసి ఇల్లు కడితే, ఒక వైపు తడిసి ఇంకో వైపు ఎండినప్పుడు పలక వంగుతుంది, గోడ పగులుతుంది. మా ఇంటి ముందు పూలమడి ఏళ్ళ తరబడి మట్టి పోసుకుని ఎత్తు పెరిగి, వాననీళ్ళని గోడ వైపుకే తోస్తోంది.

మొక్కలు నాటడానికి ఇక్కడ శరదృతువు మంచిదని తెలుసు. కానీ ఆగస్టులో మా అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోతాడు, అదే నెలలో అమ్మ తిరుగు ప్రయాణం. రోజుకి పది మాటలు కూడా మాట్లాడని పదిహేడేళ్ళ కొడుకుతో చెయ్యగలిగిన పని ఇదొక్కటే కనిపించింది. ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాం.

మొదట అనుమతి. 2013లో టెక్సాస్ చేసిన చట్టం ప్రకారం, తక్కువ నీటితో బతికే తోటని అసోసియేషన్ నిషేధించకూడదు. కానీ ప్లాన్ ముందుగా చూపించమని అడిగే హక్కు దానికి ఉంది. మా మొదటి దరఖాస్తు తిరిగొచ్చింది, మొక్కలు పూర్తిగా ఎదిగాక ఎంత ఎత్తు ఉంటాయో రాయలేదని. మా అమ్మాయి గ్రాఫ్ పేపర్ మీద కొలతలతో బొమ్మ గీసి ఇచ్చాక ఒప్పుకున్నారు.

రెండోది 811కి ఫోన్. తవ్వే ముందు కనీసం రెండు పనిదినాలు వదిలి చెయ్యాలి. డబ్బులక్కర్లేదు. వాళ్ళు వచ్చి నేల మీద రంగులు వేసి వెళతారు. పసుపు గ్యాసు, ఎరుపు కరెంటు, నీలం మంచినీళ్ళు, నారింజ ఫోను, కేబుల్ తీగలు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మీ స్ప్రింక్లర్ గొట్టాలు మీ సొంతం, వాటికి వాళ్ళు గుర్తులు వెయ్యరు. నేను గుర్తుంచుకోలేదు. మొదటి శనివారమే నా పార దెబ్బకి గొట్టం పగిలి నీళ్ళు ముఖానికి కొట్టాయి. ఆ ఏడాది మా వాడు అంతగా నవ్వడం అదే మొదటిసారి.

మూడోది వాలు. గోడ నుంచి మొదటి పది అడుగుల్లో నేల ఆరు అంగుళాలు కిందికి దిగాలి. రెండు మేకులు, దారం, దారానికి తగిలించే చిన్న లెవెల్ ఉంటే చాలు. అబ్బాయి ఒక చివర, నేను ఒక చివర. ఇటుక గోడ అడుగున నీరు బయటికి పోయే చిన్న కన్నాలు మట్టిలో పూడిపోయి ఉన్నాయి. మట్టి తీసేసి వాటిని బయటపెట్టాం.

నాలుగోది గరిక తియ్యడం. మెషీన్ అద్దెకి తెచ్చి దున్నేద్దామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "తెగిన ప్రతి ముక్కా మొలుస్తుంది, మీ నాన్నని అడిగితే చెప్పేవాడు" అంది. గడ్డపారతో పెళ్ళగించి, వేళ్ళు చేత్తో ఏరాం. నాలుగు వందల చదరపు అడుగులకి మూడు శనివారాలు పట్టింది. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని, మనవడికి మా నాన్న మిరపతోట కథలు చెప్పింది. వాడికి వచ్చినంత తెలుగులో వాడు ప్రశ్నలు వేశాడు. ఆ కథల్లో సగం నేనూ మొదటిసారే విన్నాను.

ఐదోది మొక్కలు. నీడపట్టున టర్క్స్ క్యాప్ పెట్టాం. అది మన మందారం కుటుంబమే, పువ్వు మాత్రం విచ్చుకోదు. ఎండలో టెక్సాస్ సేజ్, వానపడ్డాక ఊదారంగులో పూస్తుంది. మా ఆవిడ కరివేపాకు నేలలో పెడదామంది కానీ, 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నా ఫారెన్‌హీట్ కంటే దిగువకి పోవడం మేము మర్చిపోలేదు. అది కుండీలోనే ఉండి, చలికి ఇంట్లోకి వస్తుంది.

వీధిలో చెట్ల మొదళ్ళ చుట్టూ చెక్కపొట్టుని పుట్టలా పోస్తుంటారు. అది తప్పు. తేమకి బెరడు కుళ్ళుతుంది. మన పాదు పద్ధతే సరైనది, మొదలు దగ్గర ఖాళీ, చుట్టూ గట్టు. పొట్టు మూడు అంగుళాల మందం చాలు. నాలుగు వందల చదరపు అడుగులకి వంద ఘనపుటడుగులు, అంటే రెండు ఘనపుటడుగుల సంచులు యాభై. ఈ లెక్క మా అమ్మాయిది.

ఇక నీళ్ళు. నల్లరేగడి నీటిని నెమ్మదిగా తాగుతుంది. ఒకేసారి ఇరవై నిమిషాలు పెడితే సగం రోడ్డు మీదికి పోతుంది. ఏడేసి నిమిషాల చొప్పున, మధ్యలో అరగంట ఆపి, మూడుసార్లు పెట్టాలి. నేను ఆత్రంగా రోజూ పెట్టి రెండు సేజ్ మొక్కల్ని చంపాను.

గోడ పగులు మాయం కాలేదు, కానీ ఆ తరువాత పెరగనూ లేదు. నడవా పక్కన చదును చేసిన చోట ఒక బెంచీ వేశాం. అమ్మ వెళ్ళేదాకా పొద్దున్నే నడవా మీద ముగ్గు పెట్టి అక్కడే కాఫీ తాగేది. పదిహేనేళ్ళుగా చెయ్యి మాత్రమే ఊపిన ఎదురింటి పెద్దాయన ఆ ముగ్గు చూడటానికే మొదటిసారి రోడ్డు దాటి వచ్చాడు.

ఆగస్టులో ఇద్దరూ వెళ్ళిపోయారు. సెప్టెంబరులో వినాయక చవితి. పూజకి గరిక కావాలని మా ఆవిడ అంది. వీడ్ కిల్లర్ చల్లిన లాన్‌లోంచి ఎప్పుడూ కోసేవాళ్ళం కాదు. ఈసారి మందు వెయ్యని మడిలోకి వెళ్ళి చూస్తే, మేము అంత కష్టపడి పీకిన చోటే, పొట్టులోంచి మళ్ళీ పచ్చగా వచ్చి ఉంది. ఫోటో తీసి అబ్బాయికి పంపాను.

"నాన్నా, ఆ మూల నీది. నా వైపు క్లీన్‌గా ఉంది" అని జవాబిచ్చాడు. కాసేపాగి ఇంకొకటి వచ్చింది. "నానమ్మకి కూడా పంపు."