ముందు ఏ బ్రేకర్ ట్రిప్ కావాలి?

ఊరి చివర గాలికి 11 కేవీ తీగలు రెండు రాసుకుంటే, కరెంటు పోవలసింది ఆ ఒక్క ఫీడర్‌కే. సబ్‌స్టేషన్‌లోని ఫీడర్లన్నీ పోయాయంటే ముందుగా చూడవలసింది రిలే సెట్టింగులు. తీగలు కలిసినచోటికి పారే కరెంటు ఫీడర్ బ్రేకర్ గుండానూ పోతుంది, దాని వెనక, ఫీడర్లన్నిటికీ కరెంటు తెచ్చే ఇన్‌కమర్ బ్రేకర్ గుండానూ పోతుంది. ఆ బ్రేకర్లకు ట్రిప్ ఆదేశమిచ్చే రెండు రిలేలూ ఒకేసారి లెక్క మొదలుపెడతాయి. ఏది ముందు ముగించాలో టైమ్-కరెంట్ వక్రరేఖలు తేలుస్తాయి.

కరెంటు ఎంత ఎక్కువైతే రిలే అంత తక్కువసేపు ఆగుతుంది. పాత రిలేలో ఇది కంటికి కనిపించేది. గాజు మూత వెనక ఒక అల్యూమినియం పళ్లెం ఉండేది. కరెంటు సెట్టింగు దాటగానే అది తిరగడం మొదలయ్యేది, శాశ్వత అయస్కాంతం ఆ పరుగుకు పగ్గం వేసేది. టైమ్ మల్టిప్లయర్ తిప్పితే మారేది, కాంటాక్టు తగలడానికి పళ్లెం తిరగాల్సిన దూరమే. నేటి డిజిటల్ రిలేలో పళ్లెం లేదు, రేఖ మాత్రం అదే. స్టాండర్డ్ ఇన్వర్స్ రేఖలో మల్టిప్లయర్ 1 అయితే, సెట్టింగుకు 2 రెట్ల కరెంటుకు సుమారు 10 సెకన్లు, 10 రెట్లకు సుమారు 3 సెకన్లు.

ఒక లెక్క చూద్దాం. ఫీడర్ సెట్టింగు 200 ఆంపియర్లు, మల్టిప్లయర్ 0.1. ఇన్‌కమర్‌ది 400, 0.15. షార్ట్ సర్క్యూట్ కరెంటు 2,000 ఆంపియర్లు. ఫీడర్ రిలే 0.30 సెకన్లలో, ఇన్‌కమర్ రిలే 0.64 సెకన్లలో పనిచేస్తాయి. మధ్యలో మిగిలిన 0.34 సెకనే అసలు రక్షణ అని నా ఉద్దేశం. బ్రేకర్ తెరుచుకుని ఆర్క్ ఆరిపోవడం, రిలేల్లో, సీటీల్లో (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లలో) ఉండే పొరపాట్లు, పాత పళ్లెమైతే కరెంటు ఆగాక కూడా ఊపుమీద తిరిగే కాస్త దూరం, అన్నీ అందులోనే ఇమడాలి.

ఇప్పుడు ఫీడర్ ఊరికే ట్రిప్ అవుతోందని దాని మల్టిప్లయర్ ఒక్కటే 0.2కి పెంచారనుకోండి. దాని సమయం 0.59కి చేరుతుంది, తేడా 0.05కి పడిపోతుంది. ఫీడర్ బ్రేకర్ పూర్తిగా తెరుచుకునేలోపే ఇన్‌కమర్‌కూ ట్రిప్ ఆదేశం వెళ్లిపోతుంది. తీగలు రాసుకున్నది ఒకచోట, చీకటి అన్ని ఊళ్లకూ.

ఈ పద్ధతిలో తీరని చిక్కూ ఒకటుంది. మూలం వైపు పోయేకొద్దీ రిలేల ఆలస్యం పెరుగుతుంది, షార్ట్ సర్క్యూట్ కరెంటు కూడా అక్కడే ఎక్కువ. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ 33 కేవీ వైపు రిలేలో హైసెట్ కూడా పెడతారు. 11 కేవీ వైపు ఎంత పెద్ద షార్ట్ సర్క్యూట్ జరిగినా రాలేనంత కరెంటుకు దాన్ని సెట్ చేస్తారు. అంతకు మించి వస్తే ఇక రేఖ కోసం చూడదు, వెంటనే ట్రిప్ ఇస్తుంది.