చిఱు, చిన్న, కిరు: తోబుట్టువులైన మాటలు

చింతామణి తాలూకా పల్లెలలో పలు ఇండ్లలో తెలుగు, బడిలో కన్నడము. ఇంట ‘చిఱునవ్వు’ అన్న పిల్ల బడిలో ‘కిరునగె’ అని వ్రాయవలెను. కన్నడము చెడి తెలుగైనదని కొందరు, తెలుగు చెడి కన్నడమైనదని మరికొందరు ఎకసెక్కెములాడుదురు. రెండును తప్పే. ఈ భాషలు సంస్కృతమునుండి పుట్టినవి కావనియు, ఒకే మూలమునకు చెందిన అక్కచెల్లెండ్లనియు 1816లోనే ఎల్లిస్ దొర అచ్చులో నిరూపించెను.

‘చిన్న’ అను అర్థమిచ్చు విశేషణమునే చూడుడు. తెలుగున, తమిళమున అది ‘చిఱు’, మలయాళమున ‘చెఱు’, పాతకన్నడమున ‘కిఱు’. నేటి కన్నడమున బండి ఱ పోయి ‘కిరు’ అయినది. తుళువారు కోడిపిల్లను ‘కోరి కిన్ని’ అందురు; ఆ కిన్నియు మన చిన్నయు ఒక తల్లి బిడ్డలే.

క ఎట్లు చ అయినది? ఇ, ఎ పలుకునప్పుడు నాలుక ముందునకు జరుగును. వాటితో కూడిన కకారమును అదే దారి పట్టి, తెలుగున చకారముగా మారినది. కన్నడము పాత కకారమును నిలుపుకొన్నది. కివి–చెవి, కెరె–చెరువు, కెడు–చెడు: ఇవన్నియు ఆ వరుసలోనివే.

తెలుగున ‘చిఱు’ ఒంటరిగా నిలువదు. చిఱుగాలి, చిఱుగంట అని మరొక మాటను అంటియుండును. అచ్చు పరమైనచో దాని రూపమే మారును: చిఱు+ఎలుక చిట్టెలుక, చిఱు+అడవి చిట్టడవి. దీనిని ద్విరుక్తటకార సంధి అందురు. బాలవ్యాకరణమున ఇందుకు సూత్రము కలదు. (ఆ గ్రంథకర్త చిన్నయసూరి పేరులోనే ఈ విశేషణము ఉండుట ముచ్చట.) విడిగా నిలుచు పని ‘చిన్న’కు దక్కినది: చిన్న ఇల్లు, చిన్నవాడు, చిన్నతనము. కన్నడమున ‘కిరియ’ వయసునకు అంటుకొన్నది. కిరియ అనగా చిన్నవాడు, హిరియ అనగా పెద్దవాడు.

కన్నడ పాఠమున కి, కె లతో మొదలగు మాట తగిలినచో, పిల్లలచేత దానిని చి, చె లుగా మార్చి పలికింపుడు. తఱచుగా ఇంటి మాటయే బయటపడును. అయితే అన్నిచోట్ల ఈ కిటుకు పనిచేయదు. 2007లో కోలారునుండి విడివడి జిల్లాయైన చిక్కబళ్ళాపురము పేరులోని ‘చిక్క’కును అర్థము చిన్నయే గాని, అది కన్నడముననే చకారముతో నున్నది కనుక ఈ వరుసలో ఇముడదు. మన చిరుధాన్యములను కన్నడమున ‘సిరిధాన్య’ అనుట మరింత మోసపుచ్చును. అందలి సిరి చిఱు కాదు, సంపద. రాగి, కొఱ్ఱలకు గౌరవముగా పెట్టిన పేరు. చిన్న గింజ అను అర్థమున ‘కిరుధాన్య’ అను మాట కన్నడమున వేరుగా ఉన్నది.